అల్పప్రాణులు - అనల్పబోధలు



గత వేసవిలో ఒకనాటి సాయంకాలము మా పదేండ్ల కుమార్తె తన సహాధ్యాయిని పుట్టినరోజు పండుగకు జూబిలీహిల్సులోని యొక పెద్ద యింటికి పోయి వచ్చెను. వచ్చినది మొదలు పెదవి విప్పలేదు. రాత్రి పరుండబోవు వేళ మా చెంత జేరి, "అమ్మా, మనము చిన్నవాళ్లమా?" అని యడిగెను. ఆ యింట గదులెన్నియో, వాకిట కారులెన్నియో పిల్ల చెప్పలేదు, మేమును అడుగలేదు. ఆ యొక్క ప్రశ్న మాత్రము ముల్లువలె మా మనస్సున నాటుకొనెను.

మేము ఫిలింనగరు కొండవాలున రెండు గదుల అద్దె యింట కాపురముందుము. మా వారు బడిపంతులు. వాకిలి దాటి నాలుగడుగులు వేసితిమా, చలనచిత్రముల నిలువెత్తు ప్రకటనలును, వానిపై మూరెడేసి అక్షరములతో తారల పేరులును కనబడును. ఇట్టి చోట పెరుగు బిడ్డలు మనుష్యుని విలువను అతని పేరున వ్రాసిన అక్షరముల కొలతను బట్టి యెంచుట వింత కాదు. తల్లి యేమి బదులు చెప్పవలెను? కాదన్నచో అసత్యము. ఔనన్నచో బిడ్డ మనస్సు చివుక్కుమనును. ఆ రాత్రి మాకు బదులు తోచక, దీపమార్పి పరుంటిమి.

మఱునాడు ఈ సంగతి పొరుగింటి పిన్నిగారితో చెప్పితిమి. ఆమె క్రైస్తవమతస్థురాలు. ముప్పది యేండ్లు చలనచిత్రములకు దుస్తులు కుట్టి యిప్పుడు విశ్రాంతిగా నున్నారు. ఆమె కుట్టిన రవికెలు తొడిగి యెందరో తెరమీద రాణులైరి. ఆమె పేరు మాత్రము తెరమీద నెన్నడును పడలేదు. పిన్నిగారు మా మాట విని నవ్వి, "అమ్మాయీ, ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి దేవుడు ఏనుగులను పిలువలేదు, చీమలను పిలిచినాడు" అని తమ బైబిలు తెచ్చి, సామెతల గ్రంథమున ముప్పదియవ అధ్యాయము తీసిరి. అది ఆగూరు అను జ్ఞాని పలుకులుగా చెప్పబడుచున్నది. భూమిమీద మిక్కిలి చిన్నవియైనను మిక్కిలి జ్ఞానము గలవని అతడు నాలుగు ప్రాణులను ఎంచి చూపెను: చీమ, రాతి సందులలో నుండు చిన్న కుందేలు, మిడుత, బల్లి.

మాకు వెంటనే మా తండ్రిగారి యొద్ద చదువుకొన్న భాగవతము జ్ఞప్తికి వచ్చెను. వెలిగందల నారయ తెనిగించిన యేకాదశ స్కంధమున, అవధూత యదుమహారాజునకు తన యిరువదినలుగురు గురువులను గూర్చి తెలుపు ఘట్టము గలదు. ఆ గురువులలో పావురము, తేనెటీగ, సాలెపురుగు, కందిరీగ కూడ నున్నవి. రాజు వినుచుండగా పురుగులను గురువులుగా చెప్పుటకు ఆ మహానుభావుడు సిగ్గుపడలేదు. మఱియు నొక చిత్రము: మా పేటలో చలనచిత్ర నిర్మాణమునకు కావలసిన వృత్తులను ఇరువదినాలుగు క్రాఫ్టులందురు. వానిలో పేరు పైకి వచ్చునవి కొన్నియే. తక్కినవి చీమలవలె కంటికి కనబడక పని చేయునవి. కావున ఈ మతము, ఆ మతమని తలపక, ఆ చిన్న గురువుల పాదముల చెంత మేమును పిన్నిగారును కూర్చుంటిమి. అచ్చట గ్రహించినది మీతో పంచుకొనుటకే ఈ వ్యాసము.

మొదటి గురువు చీమ. సామెతల గ్రంథమున ఆరవ అధ్యాయమును సోమరిని చీమయొద్దకు పొమ్మనుచున్నది. దానికి అధికారి లేడు, పై విచారణకర్త లేడు. అయినను వేసవిలో ఆహారము సమకూర్చుకొనును. ప్రకృతి శాస్త్రజ్ఞులును ఇదియే చెప్పుదురు. పుట్టలోని రాణిచీమ గ్రుడ్లు పెట్టునే గాని ఆజ్ఞలు చేయదు. పని చేయు చీమలన్నియు ఆడువియే! గింజలు కూర్చు జాతి చీమలు పాలస్తీనా దేశమునను, మన దక్కను పీఠభూమియందును గలవు. అవి పుట్టలో ప్రత్యేకముగా గదులు చేసి గింజలు నిలువచేయును. తడిసిన గింజలను వెలుపలికి తెచ్చి ఎండబెట్టును. మన యిండ్లలో పప్పులు ఎండబోయుట చూచిన వారికి ఇది మన పనియే యని తోచక మానదు.

అయితే చీమ పాఠము పొదుపు ఒక్కటియే కాదు. 2020 మార్చిలో కరోనా కారణముగా చిత్రీకరణములన్నియు నిలిచిపోయినప్పుడు, దినకూలిపై బ్రతుకు వేలాది కుటుంబములకు పొయ్యి వెలుగుట కష్టమయ్యెను. అప్పుడు నటుడు చిరంజీవి గారు ముందు నిలువగా 'కరోనా క్రైసిస్ ఛారిటీ' యేర్పడి, చలనచిత్ర కార్మికుల యిండ్లకు సరకులు పంపెను. ఆ దినములను తలచుకొని పిన్నిగారు, "పని దొరికిన నాడే మనకు వేసవి. ఆ నాడు డబ్బాలో వేసిన పదిరూపాయలే వానకాలమునకు గొడుగు" అనిరి. నిజమే. కాని ఏ చీమయు తనకొఱకే కొట్టు కట్టుకొనదు. పుట్టకంతకు ఒకటే ధాన్యపు కొట్టు. గృహిణి పొదుపు చేయునప్పుడు, పొరుగింటి పొయ్యి కొఱకు ఒక గుప్పెడు ఆ లెక్కలోనే చేర్చుకొనవలెనని మాకు తోచినది.

రెండవ గురువు చిన్న కుందేలు. ఆగూరు చెప్పిన జంతువు నిజమునకు కుందేలు కాదు. పాలస్తీనా, ఆఫ్రికా దేశముల రాతిగుట్టలలో నుండు వేఱొక జంతువు. మన దేశమున అది లేదు. కావుననే తెలుగు చేసినవారు మనకు తెలిసిన పేరు పెట్టిరి. చూడ కుందేలంతయే యున్నను, దాని దగ్గరి చుట్టము ఏనుగట! దానికి వాడి గోళ్లు లేవు, పరుగున మేటి కాదు. దాని అరకాళ్లు మాత్రము మెత్తగా, చెమ్మగా నుండి నున్నని బండను పట్టుకొనును. మంద మేయుచుండగా ఒకటి యెత్తున నిలిచి కావలికాయును; గ్రద్ద నీడ పడగానే కూతవేయును; తక్కినవన్నియు బండ సందున దూరును. తన బలము తనకు చాలదని యెఱిగి, బలమైనదానిని ఆశ్రయించుటయే దాని జ్ఞానము.

ఈ పాఠము బోధపడుటకు మాకు దూరము పోనక్కఱలేదు. జూబిలీహిల్సు, బంజారాహిల్సు, ఫిలింనగరు, ఇవన్నియు బండలపై వెలసిన పేటలే. ఈ నల్లసేనపు రాళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అక్కినేని నాగేశ్వరరావు గారు ఈ గుట్టల నడుమ అన్నపూర్ణ స్టూడియో స్థాపించి 1976లో ప్రారంభించిన నాటికి ఇచ్చట బండలును పొదలునే మెండు. తెలుగు చలనచిత్రములు అప్పటికింకను చాలవఱకు మద్రాసున తయారగుచుండెను. క్రమముగా పరిశ్రమ ఇటు తరలి రాగా బండలు పగులగొట్టబడి మేడలు లేచినవి. మిగిలిన బండలనైన కాపాడవలెనని 1996లో నగరమున 'సొసైటీ టు సేవ్ రాక్స్' అను సంఘమొకటి వెలసినది. మా యింటి వెనుక మిగిలిన యొక్క బండమీద రాతితొండ యొకటి ఎండకాచుకొనుచుండును. మనుష్యుని అలికిడి కాగానే పగులులో దూరును. దానిని చూచిన ప్రతిసారి, "మనము నిలిచిన చోటు గట్టిదా?" అని మమ్ము మేము ప్రశ్నించుకొందుము. డబ్బు, కీర్తి, రూపము, ఇవి పగులగొట్టదగిన బండలు. భక్తి, సత్యము, ఒకరికొకరు కావలియుండుట, ఇవి పగులనివి.

మూడవ గురువు మిడుత. దానికి రాజు లేడు. అయినను మిడుతలన్నియు బారులు తీరి సాగును. ఒంటరిగా నున్న మిడుత సాధుప్రాణియే. మేత తగ్గి, ఒకచోట గుమిగూడి ఒకదానికొకటి తగులుచుండగా, వాని నడవడి మాఱి దండు అగును. 2020 మే మాసమున ఎడారి మిడుతల దండు మహారాష్ట్రము వఱకు రాగా, తెలంగాణమున సరిహద్దు జిల్లాలన్నిటను కావలి పెట్టిరి. మన రైతుల గుండె దడదడలాడినది. కావున మిడుత చేయు పని మనకు ఆదర్శము కాదు. దాని పొందిక మాత్రమే ఆదర్శము.

మా పేటలో ఈ పొందికను కన్నులార చూచితిమి. 2025 ఆగస్టులో చలనచిత్ర కార్మిక సంఘములు వేతనముల పెంపు కోరి పని మానగా, రెండు వారములకు మించి చిత్రీకరణములు నిలిచిపోయినవి. నిర్మాతల కష్టము నిర్మాతలది, కార్మికుల కష్టము కార్మికులది. ఎవరిది న్యాయమో తీర్చుట మా పని కాదు. కాని దీపము పట్టువాడు రాకున్న తారయైనను చీకటిలోనే నిలువవలెనని ఆ దినములలో పిల్లలకు కూడ తెలిసినది. ఇంటిలోను అంతే. అత్త, కోడలు, ఆడబిడ్డ ఎవరికి వారు రాణులైనచో వంటిల్లు రణరంగమగును. రాణి యెవ్వరును లేక వరుస తప్పక నడచిన యింట నలుగురు పనియు నలుగురికి తేలికయగును.

నాలుగవ గురువు బల్లి. దానిని చేతితో పట్టుకొనవచ్చును; అయినను అది రాజగృహములలో నుండును. మన స్త్రీలకు బల్లియనగా పంచాంగమున బల్లిపాటు ఫలములును, కంచి వరదరాజస్వామి ఆలయమున బంగారు బల్లియు జ్ఞప్తికి వచ్చును. ఈ వాక్యమున 1611 నాటి ఆంగ్లానువాదము సాలెపురుగని చెప్పినది. తెలుగు బైబిలు బల్లియన్నది. ఏదైనను పాఠమొక్కటియే. సాలెపురుగే యైనచో శ్రీకాళహస్తి మనకు దూరమా? అచ్చట 'శ్రీ' యనగా సాలెపురుగు, కాళమనగా సర్పము, హస్తి యనగా ఏనుగు. శివసన్నిధిని ఏనుగు పేరుకంటె ముందు సాలెపురుగు పేరు పలుకబడుచున్నది గదా!

మా యింటికి కొంత దూరమున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము గలదు. దానిని 1998లో జాతీయోద్యానముగా ప్రకటించిరి. అందు చిరాన్ ప్యాలెస్ అను భవనము కలదు. ఏడవ నిజాము మనుమడైన ముకర్రం జా గారి భవనమది. ఆయన 2023 జనవరిలో ఇస్తాంబులున కాలధర్మము నొందిరి. రాజులు వెడలిపోయిన భవనములలోను బల్లులు వెడలిపోవు. మా పిల్ల నేర్వవలసిన పాఠము ఇచ్చటనే కలదని మాకు తోచినది. బల్లి రాజగృహమున గోడల యెత్తు కొలువదు, తన కురచదనమునకు కుములదు, ఇల్లు తనదని విఱ్ఱవీగదు. దోమను, పురుగును పట్టి తన పని తాను చేయును. గొప్పవారి యింటికి పోయినప్పుడు కుంచించుకొనిపోకుండుట, అసూయపడకుండుట, తన మర్యాద తాను నిలుపుకొనుట, ఇంతకు మించిన సంస్కారము ఆడుపిల్లకు వేఱొకటి కలదా?

అల్పప్రాణులు మంచినే కాదు, చెఱుపును గూర్చియు బోధించును. ప్రసంగి గ్రంథమున పదియవ అధ్యాయము మొదట ఈగ మాట కలదు. చచ్చిన యీగలు పడిన పరిమళ తైలము కంపుకొట్టును. అట్లే కొంచెము బుద్ధిహీనత మనుష్యుని జ్ఞానమును, ఘనతను చెఱచును. ఈగ యనగానే తెలుగువారికి వేఱొక యీగయు తోచును. 2012 జూలై 6వ తేదీన విడుదలయైన ఎస్.ఎస్. రాజమౌళి గారి 'ఈగ' చిత్రమున, చంపబడిన యువకుడు ఈగయై పుట్టి తనను చంపిన ధనికుని ముప్పుతిప్పలు పెట్టును. ఉత్తమ తెలుగు చిత్రముగాను, ఉత్తమ దృశ్య చమత్కృతులకును దానికి జాతీయ పురస్కారములు లభించినవి. పగ తీర్చుకొనుట మనకు పాఠము కాదు గాని, చిన్నదానిని చిన్నదని యుపేక్షించుట ప్రమాదమని ఆ కథయు చెప్పుచున్నది. ఒక్క అబద్ధము, ఒక్క చాడీ, ఒక్క ఎత్తిపొడుపు మాట, ఇవి సంసారమను తైలపాత్రలో పడిన యీగలు. ఎన్నో యేండ్ల మంచితనమును ఒక్క పూటలో కంపుచేయగలవు.

ఇక చిమ్మట. భూమిమీద ధనము కూర్చుకొనవలదు, చిమ్మటయు తుప్పును దానిని తినివేయునని మత్తయి సువార్త ఆరవ అధ్యాయమున క్రీస్తు బోధించెను. పట్టుచీరల పెట్టె గల ప్రతి స్త్రీకి ఈ మాట నేరుగా తగులును. చీరను తినునది రెక్కల పురుగు కాదు, దాని పిల్లపురుగు. అదియు చీకటిలో, కదలిక లేనిచోట. తఱచు తీసి గాలికి ఆరవేసిన బట్టకు దాని బాధ తక్కువ. పిన్నిగారు తాము కుట్టిన దుస్తులలో కొన్ని మూటలలోనే చిల్లులు పడుట చూచితిమని చెప్పి, "కట్టుకొన్నది మిగులునమ్మా, దాచుకొన్నది పురుగుకు" అనిరి. బట్టయే కాదు, విద్యయు, ప్రేమయు అంతే. వాడనిదే చెడును.

కడపటిది పిచ్చుక. ఇది మమ్ము మిక్కిలి కదలించినది. మత్తయి సువార్తయందు రెండు పిచ్చుకలు ఒక కాసునకు అమ్మబడునని యున్నది. లూకా సువార్తయందు అయిదు పిచ్చుకలు రెండు కాసులకని యున్నది. పిన్నిగారు మమ్ము లెక్క వేయుమనిరి. ఒక కాసునకు రెండైనచో రెండు కాసులకు నాలుగే గదా; అయిదవది యెక్కడిది? అది కొసరు! కూరలు కొన్న వారికి కరివేపాకువలె ఊరక యిచ్చినది. వెలయే లేని ఆ యైదవ పిచ్చుకయు దేవుని యెదుట మఱువబడదని వాక్యము చెప్పుచున్నది.

ఈ మాట చెప్పి పిన్నిగారు కొంతసేపు మౌనముగా నుండిరి. పిదప 1978లో వచ్చిన 'కరుణామయుడు' చిత్రమును గూర్చి చెప్పిరి. విజయచందర్ గారు క్రీస్తుగా నటించిన ఆ చిత్రమును ఆమె బాల్యమున చూచిరట. "క్రీస్తు వేషము వేసినాయనను అందఱు గుర్తుపట్టినారు. చుట్టూ గుంపులో నిలబడ్డవాళ్ల ముఖాలు ఎవరికైనా జ్ఞాపకమున్నాయా? వాళ్లు లేకపోతే ఆయన ఎవరికి బోధించేవాడు?" అనిరి. మా పేటకు దిగువనే కృష్ణానగరు కలదు. వేషము దొరకునా యని ప్రతి ప్రాతఃకాలమున ఎదురుచూచు చిన్న నటీనటులు, కార్మికులు అచ్చట నివసించుచుందురు. వారందఱును ఆ యైదవ పిచ్చుకలే. పేరు పడని పిన్నిగారును, వేలమంది పిల్లలకు అక్షరములు దిద్దించు బడిపంతుళ్లును, మూడు పూటల వండి వడ్డించు మనమును ఆ లెక్కలోని వారమే. కొసరుగా నెంచబడినను లెక్కకు అందనివారము కాము.

ఆ సాయంకాలము మేము మా కుమార్తెను వాకిటికి పిలిచితిమి. బజారున కొన్న రాతిముగ్గు ప్రక్కనబెట్టి, బియ్యపుపిండితో చిన్న ముగ్గు వేసితిమి. మన పూర్వులు వరిపిండితో ముగ్గు వేయుట అందమునకు మాత్రమే కాదు. చీమకు వాకిటనే అన్నము పెట్టుటకు. రాతిపొడిని చీమ ముట్టదు. కొంతసేపటికి చీమలు బారు తీరి వచ్చి పిండి మోయసాగెను. పిల్ల మోకాళ్లపై కూర్చుండి చూచుచుండగా మేమిట్లంటిమి: "నిన్న నీవడిగిన ప్రశ్నకు జవాబు ఇదిగో. ఔను, మనము చిన్నవాళ్లమే. కాని చిన్నవాళ్లు వేఱు, అల్పులు వేఱు. ఈ చీమ చిన్నది, అల్పమైనది కాదు. పెద్ద యింట నుండియు ఇతరులను చిన్నచూపు చూచినవాడు అల్పుడు. చిన్న యింట నుండి ఇతరుల మేలు చూచి ఏడ్చినవాడును అల్పుడే. ఆ రెండును కాకుండుట మన చేతిలో నున్నది." పిల్ల కొంత ఆలోచించి, "అయితే నా పుట్టినరోజుకు ఆ అమ్మాయిని మన యింటికి పిలువవచ్చునా?" అని యడిగెను. మాకు కన్నులు చెమర్చినవి. పిలువుమంటిమి. ఆ బాలిక వచ్చినది. రెండు గదులలో పదిమంది పిల్లలు ఒకరి నొకరు త్రోసికొనుచు పులిహోర తినిరి. ఇంటి వెనుక బండమీది రాతితొండను చూచుటకు ఆ బాలికయే అందఱికంటె ముందు పరుగెత్తెను.

సోదరీమణులారా, మన బిడ్డలును ఏదో యొకనాడు ఈ ప్రశ్న అడుగుదురు. అది అడుగకమునుపే వారికి ఈ చిన్న గురువులను చూపుడు. వారమున కొక్కనాడైనను వాకిట బియ్యపుపిండితో ముగ్గు వేయుడు. కోతల కాలమున వరికంకుల కుచ్చు ఒకటి చూరున వ్రేలాడగట్టుడు. 2010 నుండి ఏటేట మార్చి 20వ తేదీని లోకము పిచ్చుకల దినముగా జరుపుకొనుచున్నది గాని, పిచ్చుకకు ఆకలి ప్రతిదినము వేయును. పెట్టెలో దాచిన మంచి చీరను తీసి కట్టుకొనుడు. నోటివఱకు వచ్చిన ఎత్తిపొడుపు మాటను ఆపుకొనుడు. ఇవన్నియు చిన్న పనులే. చిన్నవాటిలో నమ్మకముగా నుండుట యెట్లో తెలిసినవారికే పెద్దవి అప్పగింపబడునని పెద్దలు చెప్పుదురు. అప్పగింపబడకపోయినను చింతలేదు. చీమ తన గింజను మోయుటకు ఎవరి మెప్పును కోరుచున్నది?